మింగిన తర్వాత బూడిద

బ్రోకెన్ హిల్
1985 ఆగస్టు 12, సోమవారం

అన్నయ్యకు,

నువ్వు బస్సులో వేసిన పెట్టె గురువారం దిగింది. పేర్లు కనపడకుండా కాగితం చుట్టిన ఆరు వైన్ సీసాల్లో ఒక్కటి కూడా పగల్లేదు. నిన్న చర్చి నుంచి రాగానే గబగబా భోజనం కానిచ్చి, టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచి కూర్చున్నాను. మెర్వ్ ఎప్పట్లాగే బీరు పట్టుకుని పెరట్లోకి నడిచాడు. "తాగడానిక్కూడా పరీక్ష పెట్టుకునేవాళ్ళని మీ అన్నాచెల్లెళ్ళనే చూశాను" అన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ప్రతి నెలా అంటున్నదే. నేనూ ఎప్పట్లాగే నవ్వాను.

నాన్న పెట్టిన లెక్క ప్రకారమే వేశాను: రంగుకు మూడు, వాసనకు ఏడు, నోటికి పది. మొదటి సీసాకు ఇరవైకి పదహారు. రెండోదానికి పదిహేడున్నర, అది తప్పకుండా పాత తీగల షిరాజ్ ద్రాక్షదై ఉంటుంది, కాకపోతే నా పేరు మార్చుకుంటాను. నాలుగుకు పదిహేను, ఆరుకు పదహారు.

ఇక మూడు, ఐదు. వీటి సంగతి నాకు అర్థం కాలేదు. గ్లాసులో వాసన చూస్తే శుభ్రంగా ఉన్నాయి. నోట్లో పోసుకున్నా బాగానే ఉన్నాయి. మింగిన తర్వాత మాత్రం గొంతులో బూడిద. పొయ్యి ఊడ్చేటప్పుడు నోరు తెరిస్తే ఎలా ఉంటుందో అలా. నీళ్ళు తాగాను, రొట్టె నమిలాను, పావుగంట దాకా పోలేదు. పదకొండు, పదిన్నర. అంతకంటే వెయ్యడానికి చెయ్యి రాలేదు. ఎవరు చేసినవో ఏమో, నీ స్నేహితులవైతే తిట్టుకోకు.

నీ మార్కుల ఉత్తరం కూడా ఇవాళే డబ్బాలో పడి ఉంటుంది. ఒకరిది ఒకరు చూసి మార్చకుండా అదేగా మన నియమం. ఈ రెండు ఉత్తరాలూ దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటిపోతాయి.

నీ చెల్లెలు,
హుల్డా


ఎబెన్‌ఫెల్డ్, ఎడిలైడ్ కొండలు, దక్షిణ ఆస్ట్రేలియా
1985 ఆగస్టు 12

హుల్డాకు,

నీ పెట్టెకు జోడీగా నా దగ్గరుంచుకున్న ఆరు సీసాలూ ఈసారీ పక్కింటి ఎల్స చుట్టిపెట్టింది, కాబట్టి ఏది ఏదో నాకూ తెలియదు. నీలాగే గుడ్డివాడిలా కూర్చుని వేశాను. వరసగా: పదహారున్నర, పదిహేడు, పదిహేడు, పదహారున్నర, పదిహేడు, పదిహేడు. మంచి నెల. మూడోదాంట్లో నల్ల చెర్రీ, లవంగం, వెనకాల కొత్త జీను తోలు. ఐదోది కాస్త బిగువుగా ఉంది, ఇంకో ఐదేళ్ళు దాచితే తేలికపడుతుంది.

మార్కులు వేశాక ఎల్స కాగితాలు విప్పింది. మూడు, ఐదు మన కొండ కింది వాలులోవే. ఎనభై మూడు ఫిబ్రవరి అడవి మంటల్లో మిగిలిన తీగల పంట. అంత వేడికి తట్టుకుని ఇంత వైన్ ఇచ్చాయంటే గొప్పేగా. నీక్కూడా నచ్చే ఉంటాయి.

మెర్వ్ బావకు నా నమస్కారం. ఒక్కసారైనా మనిషిలా గ్లాసు పట్టుకోమని చెప్పు.

ఎర్విన్


ఎబెన్‌ఫెల్డ్
1985 ఆగస్టు 19

అమ్మా పెద్ద జడ్జిగారూ,

నీ ఉత్తరం చదివి రెండుసార్లు కళ్ళజోడు తుడుచుకున్నాను. పదిన్నర? మన కొండ వైన్‌కి? పదిన్నర వెయ్యాలంటే అందులో ఈగ పడాలి.

బూడిదట. చూడు చెల్లాయీ, ద్రాక్షపండు కిటికీ తెర కాదు, పొగ పట్టుకుని కూర్చోడానికి. పండుకు తొక్క ఉంటుంది, వానలు కడుగుతాయి, పిప్పి పులుస్తుంది, పీపాలో ఏడాదిన్నర ఉంటుంది. ఇక్కడ పెద్ద పెద్ద వైన్ చేసేవాళ్ళెవరూ ఇలాంటి మాట అనలేదు. మీ ఊళ్ళో గని దుమ్ము మింగి మింగి నీ గొంతు పాడైపోయింది. లేదా నీకు అమ్మ జబ్బు పట్టుకుంది. అప్పట్లో రాశానుగా, చివరి ఏడాది అంతా "పాలు మాడుతున్నాయే, పాలు మాడుతున్నాయే" అని వంటింట్లోకి పరుగెత్తేది, పొయ్యి మీద చూస్తే పాలే ఉండేవి కావు.

వచ్చే పెట్టె రెండో తారీఖున పంపుతాను. ఈసారి నోరు బాగా కడుక్కుని కూర్చో.

ఎర్విన్


బ్రోకెన్ హిల్
1985 సెప్టెంబర్ 9

అన్నయ్యకు,

నోరు కడుక్కునే కూర్చున్నాను. ఈ నెల అన్నీ బాగున్నాయి. ఒకటి పదిహేడు, రెండు పద్దెనిమిది, మూడు పదహారున్నర, నాలుగు పదిహేడు, ఐదు పదమూడున్నర, ఆరు పదిహేడు. రెండోదాంట్లో రేగుపండు, మిరియం. ఐదోది పలచన. ఎక్కడా బూడిద లేదు. పోయిన నెల నాకు జలుబు చేసి ఉంటుంది, నువ్వన్నదే నిజం.

ఇక్కడ వారం రోజులుగా ఎర్ర దుమ్ము. ఆరేసిన బట్టలు ఇటుక రంగులో లోపలికి వస్తున్నాయి. మెర్వ్ పచ్చిక మైదానం ఎండిపోయిందని బౌలింగ్ క్లబ్బులో అందరితో పోట్లాడి, అదేదో ఘనకార్యమైనట్టు నాకొచ్చి చెప్పాడు. నిన్న అంబలి మాడిందనుకుని గిన్నెడూ కుక్కకు పోశాను. కుక్క శుభ్రంగా తినేసింది, అది మాడలేదట.

అన్నట్టు ఒక మాట. అమ్మకు ఆ మాడు వాసన మొదలైంది ఏ నెలలో? నాకు మెర్వ్‌తో అప్పుడే పెళ్ళయి ఇక్కడికి వచ్చేశాను కదా, సరిగ్గా గుర్తు లేదు. మొదట పాలేనా, ఇంకేదైనా వాసన వచ్చేదా? మొదలైనప్పటి నుంచి ఎన్నాళ్ళుంది? ఊరికే అడుగుతున్నాను. తీరిక ఉన్నప్పుడే రాయి.

హుల్డా


ఎబెన్‌ఫెల్డ్
1985 సెప్టెంబర్ 16

హుల్డా,

ఈ ఉత్తరం కోపంగానే రాస్తున్నాను, ముందే చెబుతున్నాను.

నీ పెట్టెలో రెండో సీసా, ఐదో సీసా ఒకే వైన్. ఒకే పీపా, ఒకే రోజు నింపినవి. పోటీల్లో జడ్జిల్ని పట్టుకోవడానికి అలా ఒకదాన్నే రెండుసార్లు పెడతారని నీకూ తెలుసు. పోయిన నెల నీ మార్కులు చూశాక ఓసారి పరీక్షిద్దామనిపించింది. ఒకదానికి పద్దెనిమిది వేసి రేగుపండు, మిరియం అన్నావు. దాన్నే మళ్ళీ ఇస్తే పదమూడున్నర వేసి పలచన అన్నావు. ఒక మార్కు అటూఇటూ అయితే ఎవరికైనా అవుతుంది. నాలుగున్నర తేడా పొరపాటు కాదు, నువ్వు అసలు తాగకుండా రాశావు. నీకు విసుగొస్తే ఆ మాట చెప్పు. ముప్ఫై ఏళ్ళుగా ఆడుతున్న ఆటలో నన్ను మోసం చెయ్యాల్సిన పని లేదు.

అమ్మ సంగతి అడిగావు. మార్చిలో పాలు. జూన్ వచ్చేసరికి కాలిన రబ్బరు. ఆగస్టులో తలనొప్పితో మంచం పట్టింది. పరీక్ష చేస్తే తలలో నిమ్మకాయంత గడ్డ. అక్టోబరులో పోయింది. ఎందుకడిగావు?

ఎర్విన్


బ్రోకెన్ హిల్
1985 సెప్టెంబర్ 22, ఆదివారం

అన్నయ్యా,

ఎందుకడిగానా. మార్చి నుంచి అక్టోబరు అన్నావు. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను, ఏడు నెలలు. నాకు మొదలైంది ఆగస్టులో. అదే లెక్కన వచ్చే మార్చికి సరిపోతుంది.

నేను తాగకుండా రాశానన్నావు. తాగాను. సెప్టెంబరు పెట్టెలో నాలుగు సీసాల్లో బూడిద వచ్చింది, నువ్వు పరీక్ష పెట్టిన ఆ రెండింట్లోనూ వచ్చింది. నువ్వేమో పోయిన నెల నాకు బూడిద తగిలిన మూడో సీసా వైన్‌లో చెర్రీ, లవంగం అన్నావు. నీ ముక్కు సంగతి నాకు తెలియదా. ఎనభై మూడులో ఇంకెవరికీ కనపడని పొగను కొండ అవతల నుంచి పసిగట్టి అరగంట ముందే సైరన్ మోగించినవాడివి. ఎర్విన్ ముక్కు అంటే ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. నువ్వు లేదన్నావంటే ఆ సీసాలో పొగ లేదు. లేని పొగ నాకు వస్తోందంటే అది సీసాలో లేదు, నా తలలో ఉంది.

అందుకే దొంగ మార్కులు వేశాను. నోటికొచ్చిన పళ్ళ పేర్లు రాశాను. నీకు తెలిస్తే అమ్మ గుర్తొచ్చి కంగారుపడతావని. ఆ వంటింటి పరుగులన్నీ చూసింది నువ్వే కదా, నేను కాదు.

భయంగా ఉంది అన్నయ్యా. చాలా భయంగా ఉంది. ఇప్పుడు రొట్టె కాల్చినా గిన్నె పొయ్యి మీద పెట్టినా ముందు వాసన చూస్తాను, మాడిందా లేదా అని మెర్వ్ మొహం చూస్తాను. మెర్వ్‌కు ఏమీ చెప్పలేదు. నిన్న బట్టలుతికే మిషను ఎలా తిప్పాలో నేర్పించాను. ఇప్పుడెందుకని విసుక్కున్నాడు. బాత్రూంలోకి వెళ్ళి నీళ్ళు వదిలి ఏడ్చాను.

ఒక్కటే అడుగుతున్నాను. ఆగస్టు పెట్టెలోని మూడోది నీ దగ్గర ఇంకో సీసా ఉంటే తీసి చూడు. మింగిన తర్వాత కాసేపు ఆగు. నిజం చెప్పు.

హుల్డా


ఎబెన్‌ఫెల్డ్
1985 సెప్టెంబర్ 27

చెల్లాయీ,

నీ మీద కోపం చేసుకున్నందుకు సిగ్గుపడుతున్నాను. ఉత్తరం చేతిలో పట్టుకుని ద్రాక్షతోటంతా తిరిగాను, కూర్చోలేకపోయాను.

సీసా తీశాను. తాగాను. ఆగాను. బూడిద లేదు హుల్డా. నాన్న బైబిలు మీద చెయ్యి వేసి చెబుతున్నాను, పొగ జాడ కూడా లేదు.

నువ్వు రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళు. అమ్మ విషయంలో మనం ఆలస్యం చేశాం, ఇప్పుడు చెయ్యొద్దు. మెర్వ్ బావకు చెప్పు, దాచకు. రోజూ రెండు పూటలా నీకోసం ప్రార్థన చేస్తున్నాను.

ఎర్విన్


బ్రోకెన్ హిల్
1985 అక్టోబర్ 20, ఆదివారం

అన్నయ్యకు,

నీ ప్రమాణం చదివాక నాలుగు రోజులు అన్నం సహించలేదు. ఇక్కడి డాక్టరు కళ్ళలోకి దీపం వేసి చూసి, సుత్తితో మోకాళ్ళు కొట్టి, తలకు ఫొటో తీయించాలంటే ఎడిలైడే పోవాలి, నవంబరు చివరిదాకా ఖాళీ లేదన్నాడు. ఆయన రాసిచ్చిన కాగితం బీరువాలో బట్టల కింద కాదు, పిండి డబ్బా కింద దాచాను. మెర్వ్ పిండి డబ్బా ముట్టడని. ఇవాళ పొద్దున పాన్‌కేకులు చేద్దామని ముట్టాడు.

కాగితం చదివాడు. కాసేపటికి వచ్చి నా ఎదురుగా కూర్చుని, "ఎప్పట్నుంచి?" అన్నాడు. చెప్పాను. అమ్మ సంగతి, బూడిద సంగతి, నీ ప్రమాణం సంగతి అన్నీ. వింటూ వింటూ, "ఆ దిక్కుమాలిన సీసా ఇంకా ఉందా?" అన్నాడు. సెప్టెంబరు ఐదో సీసాలో సగం బిరడా వేసి అలమరలో ఉంది. "ఇటు పట్రా" అన్నాడు.

చర్చిలో ప్రభువు బల్ల దగ్గర తప్ప వైన్ ముట్టని మనిషి, టీ కప్పులో సగం పోసుకుని గుటుక్కున మింగేశాడు. నేను మొహం చూస్తూ కూర్చున్నాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత నాలుక బయటపెట్టి, తువ్వాలుతో తుడుచుకుని, సింకు దగ్గరికి పోయి ఉమ్మేశాడు.

"ఏమిటే ఇది, కాలిపోయిన కొట్టం నాకినట్టుంది. మీ అన్న దీనికా మార్కులు వేసింది?"

ఇంకోసారి తాగమన్నాను. "చంపినా తాగను" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత నేను ఏడ్చాను, ఆయన కూడా ఏడ్చాడు, ఆ సంగతి రాయొద్దన్నాడు, అయినా రాస్తున్నాను.

నా తలలో ఏమీ లేదు అన్నయ్యా. సీసాలోనే ఉంది. మంటల పొగ ఎలాగో పండులోకి దిగింది. ఎలాగో నాకు తెలియదు, పెద్ద పెద్దవాళ్ళకూ తెలిసినట్టు లేదు.

ఒక గంట సేపు ఇంట్లో పండగ. ఆ గంట కాగానే నీ గురించి తట్టింది.

నీ పాత ఉత్తరాలన్నీ తీసి టేబుల్ నిండా పరిచాను. ఎనభై మూడుకు ముందు నువ్వు తొమ్మిది వేసేవాడివి, పంతొమ్మిది వేసేవాడివి. ఒకసారి నాలుగు కూడా వేసి పక్కన బూతు రాశావు. ఎనభై మూడు మార్చి తర్వాత ఒక్క సీసాకు కూడా పదహారుకు తక్కువ లేదు, పదిహేడున్నరకు ఎక్కువ లేదు. ఆగస్టులో రాసిన "నల్ల చెర్రీ, లవంగం, వెనకాల కొత్త జీను తోలు" అన్న వాక్యం డెబ్బై ఎనిమిదిలో రాసిన ఉత్తరంలో ఉంది. మాట మార్చకుండా ఉంది.

ఫోన్ చేద్దామని నంబరు తిప్పి మధ్యలో పెట్టేశాను. నీ గొంతు వింటే నువ్వేం చెప్పినా నమ్మేస్తాను. కాగితం మీదే అడుగుతున్నాను. కాఫీ డబ్బా మూత తీసి, కళ్ళు మూసుకుని, ముక్కు దగ్గర పెట్టుకో. ఏమొచ్చిందో రాయి. ప్రమాణాలు వద్దు.

హుల్డా


ఎబెన్‌ఫెల్డ్
1985 అక్టోబర్ 29

హుల్డా,

ఏమీ రాలేదు. కాఫీ డబ్బా అక్కర్లేదు, నాకు రెండేళ్ళ ఎనిమిది నెలలుగా తెలుసు.

మంటలప్పుడు రెండు పగళ్ళు ఆ పొగలోనే నీళ్ళ గొట్టం పట్టుకుని నిలబడ్డాను. వారం తర్వాత కాఫీ వేడినీళ్ళలా అనిపించింది. జలుబనుకున్నాను. ఆ జలుబు పోలేదు. వైన్ నోట్లో పోస్తే పులుపు తెలుస్తుంది, వగరు తెలుస్తుంది, అంతే. మిగతాదంతా పాత నోటుపుస్తకం చూసి రాశాను. ముక్కు పోయిందంటే నెలనెలా ఉత్తరాలు ఆగిపోతాయి. నాకున్న ఉత్తరాలు అవే.

అంతవరకు సిగ్గు లేదు. ఆ ప్రమాణం మాత్రం ఏం చేసినా పోదు. నువ్వు చావు భయంతో అడిగితే, నాకు తెలియని మాట తెలిసినట్టు బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పాను. నాకు తెలియదని ఒక్క ముక్క రాస్తే చాలు, నీకు ఆ నాలుగు రోజులు ఉండేవి కావు. ఉత్తరం డబ్బాలో వేశాక వెనక్కి తీసుకుందామని లోపలికి చెయ్యి దూర్చాను. మణికట్టు గీరుకుంది, ఉత్తరం అందలేదు. అయినా వెంటనే ఇంకో ఉత్తరం రాయలేదు. పిరికితనం.

అడిగావు కాబట్టి ఇంకోటి కూడా చెబుతాను. జూలైలో గ్యాసు మీద కెటిల్ పెట్టి పక్క గదిలో పేపరు చదువుకుంటున్నాను. నీళ్ళు ఇగిరిపోయి అడుగు కరిగింది. దాని పిడి కాలి, గోడకున్న చెక్క అంటుకుంది. కళ్ళు మండితే లేచి చూశాను. బకెట్ నీళ్ళతో అయిపోయింది. ఎల్సకు గోడకు రంగు వేయిస్తున్నానని చెప్పాను.

డిసెంబరు ఒకటి నుంచి వేసవి, మంటల కాలం. ఎప్పట్లాగే కొండ మీది గోపురమెక్కి పొగ కోసం కాపలా కాసే డ్యూటీ నాదే. కళ్ళు బాగానే ఉన్నాయి, ఒక కొత్త దుర్భిణి కొన్నాను. ఎడారి వేడిని మోసుకొచ్చే ఉత్తరపు గాలి వీచిన రోజున నిజంగానే భయం వేస్తుంది, దాచను. వాసన వచ్చే పొగకూ కంటికి కనపడే పొగకూ మధ్య అరగంట ఉంటుంది. ఎనభై మూడు మంటల్లో ఊరు ఖాళీ చేసింది ఆ అరగంటలోనే.

కానీ ఎవరికీ చెప్పకు. నిన్ను బతిమాలుకుంటున్నాను. అగ్నిమాపక దళంవాళ్ళకు తెలిస్తే గోపురం తాళాలు తీసుకుంటారు. ఆ తర్వాత నేను ఊళ్ళో ఎవరిని? జాలిపడి కుర్చీ వేసే ముసలివాణ్ణి. ఈ వేసవి ఒక్కటి గడవనీ. ఆ తర్వాత నేనే చెబుతాను.

నీ అన్న,
ఎర్విన్


బ్రోకెన్ హిల్
1985 నవంబర్ 2, శనివారం

అన్నయ్యకు,

ఉత్తరం నిన్న వచ్చింది. మెర్వ్‌కు చదివి వినిపించాను. వినగానే లేచి బయటికి వెళ్ళి, చాలాసేపటికి వచ్చి, "మీ అన్న నీకు చేసిన దానికి పళ్ళూడగొట్టాలి, ముందు బతికుండనీ" అన్నాడు. ఆయన కోపం అంతే.

ప్రమాణం సంగతి వదిలెయ్. నేనూ దొంగ మార్కులు వేశాను. ఒకరు భయపడకూడదని ఒకరు దాచుకుని ఇద్దరం ఎంత దూరం వచ్చామో చూడు. ఆ కోపం నాకూ ఉంది, ఎదురుగా ఉన్నప్పుడు తీర్చుకుంటాను.

రాత్రి నిద్రపట్టలేదు. గోపురం మీద నువ్వు కూర్చుని ఉంటావు, నీ వెనకాలే గడ్డి రాజుకుంటుంది, నువ్వు దుర్భిణితో ముందుకే చూస్తూ ఉంటావు. కళ్ళు మూస్తే అదే. నా తలలో గడ్డ ఉందనుకున్నప్పుడు కూడా ఇంత భయపడలేదు. కింద ఊళ్ళో వాళ్ళు ఎర్విన్ ముక్కు ఉంది కదా అని కిటికీలు వేసుకుని ధైర్యంగా పడుకుంటారు. బడి ఉంది అక్కడ, ముసలివాళ్ళ ఆశ్రమం ఉంది. ఆ అరగంట వాళ్ళది, నువ్వు దాచుకోవడానికి వీల్లేదు.

అందుకని ఇవాళ పొద్దున ఎనిమిదింటికి ఎల్సకు ఫోన్ చేశాను. దళం టెలిఫోన్ ఉండేది వాళ్ళ ఇంట్లోనేగా. అంతా చెప్పాను. కాఫీ, కెటిల్, గోడ, అంతా. ఆమె "తాళాలు ఇవాళే తీసుకుంటాం" అంది. మీ ఇంటి గ్యాసు సిలిండర్ కూడా తీయించమన్నాను. నీ భోజనం వాళ్ళింట్లోనే. ఈ ఉత్తరం నీకు అందేసరికి ఇవన్నీ జరిగిపోయి ఉంటాయి. వద్దని బతిమాలావు, అయినా చేశాను. నీ నోటితో చెప్పుకునే మర్యాద కూడా నీకు మిగల్చలేదు, అది నాకు తెలుసు.

మేం గురువారం బస్సుకు వస్తున్నాం. మార్చిదాకా అక్కడే. మెర్వ్ ఇప్పట్నుంచే మీ ఊరి బీరు గురించి సణుగుతున్నాడు.

నా మొహం చూడననుకో, మాట్లాడకు, సామాను గుమ్మం బయట పడెయ్. జీవితాంతం తిట్టుకో అన్నయ్యా. తిట్టడానికి నువ్వుండాలి, నాకు అంతే కావాలి.

హుల్డా